కంప్లయింటు గడి

ఆడవాళ్ల వార్డు, పదకొండో మంచం.
కేసు షీటులో పేరు రాశాను: గంగులమ్మ.
ఊరు, చౌడేపల్లె పక్కన ఓ పల్లె.
వయసు అడిగితే
"చెరువు తెగిన యేడు నేను ఎదిగిన పిల్లని" అంది.
అరవై ఎనిమిది వేశాను.
ఆ తర్వాతి గడిలో బాధేమిటో రాయాలి.

నొప్పా అవ్వా?
"నొప్పి గాదు పాపా."
ఆయాసమా?
"గాదు."
కళ్లు తిరుగుతున్నాయా, ఆకలి లేదా, నిద్ర పట్టట్లేదా,
నా జాబితా అయిపోయింది.
చివరికి నా మీద జాలిపడి తనే చెప్పింది:
"యాష్టగా ఉండాది మే."

నాది తణుకు.
ఇక్కడ చేరి రెండు నెలలు కాలేదు.
బిన్నా రమ్మంటే చిన్నగా రమ్మన్నారనుకుని
మెల్లగా నడిచి హెడ్ నర్సు చేత తిట్లు తిన్నదాన్ని.
ఎనుము తొక్కిందంటే ఇనుము గుచ్చుకుందనుకుని
టీటీ ఇంజక్షన్ తీసినదాన్ని.
ఆ గడిలో పెన్సిల్‌తో చుక్క పెట్టి వదిలేశాను.

డ్యూటీ దిగి బస్టాండుకి నడిచాను.
ఈ ఊళ్లో అడగడానికి మనుషులకేం కొదవ?
అర్ధరాత్రైనా
నున్నటి గుండ్లకి చందనం పూసుకుని
సంచుల మీద తలలు వాల్చి వేలమంది ఉంటారు.
ఒకాయన్ని అడిగాను. నల్గొండట.
"యాసనా బిడ్డా? మా యాసకేమైంది?" అన్నాడు.
సేలం నుంచి వచ్చినావిడకి నా మాట అర్థం కాలేదు,
నా మొహం అర్థమైనట్టుంది,
లడ్డూ తుంచి చేతిలో పెట్టింది.
సంస్కృతం చదివే కుర్రాడొకడు
పుస్తకంలోంచి తలెత్తకుండా
యష్టి అంటే కర్ర, అన్నాడు,
ముసలామెకి చేతికర్ర కావాలేమో కనుక్కోమన్నాడు.
మర్నాడు నిజంగానే కనుక్కున్నాను.
గంగులమ్మ నవ్వింది, దగ్గొచ్చేదాకా.

తర్వాత అది అలవాటైపోయింది.
మందుల షాపులో చిల్లర లెక్కపెట్టే ఆయన
"విసుగమ్మా" అన్నాడు, విసుగ్గానే.
లిఫ్టు దగ్గర స్టూలేసుకునే దామోదరం "అలుపు" అన్నాడు.
షేర్ ఆటోలో
నా మోకాలికి మోకాలు ఆనించి కూర్చున్న వాయల్పాడామె
రెండూ కాదంది.
"అలుపైతే పండుకుంటే పోతాది.
విసుగైతే ఎవురి మీదనో అరిస్తే పోతాది.
ఇదీ..."
లీలామహల్ సర్కిల్ వచ్చింది.
డ్రైవరు చేతిలో పది రూపాయలు పెట్టి
గంప నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది.

మిగతా సగం కోసం
రెండు రోజులు అదే టైముకి అక్కడే నిలబడ్డాను.
గంపలు చాలా వచ్చాయి.

ఈలోగా గంగులమ్మ పరీక్షలు వచ్చాయి.
రక్తం బాగుంది. ఫోటో బాగుంది.
గుండె గీసిన కొండలూ లోయలూ బాగున్నాయి.
డాక్టరుగారు పెన్సిల్ చుక్క మీద వేలు పెట్టారు:
ఇక్కడేం రాయలేదేం?
"అడుగుతున్నాను సార్."
ఎవర్ని?
"అందర్నీ."
ఆయన ఏదో అనబోయి పక్క మంచానికి వెళ్లిపోయారు.

ఆ రాత్రి సెలైన్ సీసా మారుస్తుంటే
తనే మాట్లాడింది, నాతోనో, ఫ్యానుతోనో.
"ఆవునమ్మి మూడేండ్లాయ.
అయినా మొబ్బుతోనే మెలకువొస్తాది.
చేతులు చెంబు కోసరం ఎతుకుతాయి.
దాపున యేమీ ఉండదు.
ఇంగ తెల్లారేదాకా ఆ చేతుల్ని యాడ పెట్టుకోవాల్నో తెలీదు."

నేను అర్థం అడగలేదు.
ఆ గడిలో తెలుగులోనే రాశాను,
చుట్టూ ఇంగ్లీషు అంకెల మధ్య,
ఒత్తు కింది గీత దాటి పోయింది.
పొద్దున్నే డిశ్చార్జి.
వెళ్తూ నా చెయ్యి పట్టుకుని చూసి
"ఇంత సల్లగుండాదేమే" అంది.

నిన్న షేర్ ఆటోలో ఉండగా అక్క ఫోన్ చేసింది.
ఎలా ఉన్నావే అంటే
నోటికి ఆ మాటే వచ్చింది, నన్నడక్కుండా.
"అంటే?" అంది.
అలుపైతే పడుకుంటే పోతుందక్కా,
విసుగైతే ఎవరో ఒకరి మీద...
ఎదురుగా కూర్చున్న పిల్లాడు
చెవులప్పగించి వింటున్నాడు.
ఇంతలో నా స్టాపు వచ్చింది.