బేగి

రాత్రి ఎనిమిదిన్నరకి ఆటోనగర్‌లో లేతులు ఆగిపోయాక
ఇనప రజను వాసన మాత్రం డ్యూటీ దిగదు.
నూనె గుడ్డలో చుట్టిన షాఫ్టు
చెక్కపెట్టెలో పడుకుని ఉంది,
నాలుగొందల పది కిలోల పసిబిడ్డ.
కృష్ణపట్నం దగ్గర ఒక ఐసు గిడ్డంగి
దానికోసం ఊపిరి బిగబట్టింది.
నలభై టన్నుల రొయ్య.
రేపు సాయంత్రం దాకా చలి నిలుస్తుందట,
ఆ తర్వాత చెప్పలేమన్నారు.

మా ఓనరు గారు ఇంటికెళుతూ అన్నవి రెండే ముక్కలు:
"హైమా, అర్జెంటు. తక్కువలో చూడు."
ఆ రెండు ముక్కలూ ఒకే బండిలో ఎక్కవని
పదకొండేళ్లుగా డిస్పాచ్ పుస్తకం రాస్తున్న నాకు తెలుసు.

మొదటి ఫోను.
"తొమ్మిది గంటల్లో దించేస్తాం మేడమ్, గ్యారంటీ."
టేబులు మీద దుమ్ములో వేలితో దారి గీశాను:
లంకెలపాలెం, తుని, గోదావరి వంతెన,
ఏలూరు, బెజవాడ, ఒంగోలు…
ఆరువందల నలభై కిలోమీటర్లు.
తొమ్మిదితో భాగిస్తే
మధ్యలో ఒక మనిషి అన్నం మిగల్లేదు.
ఒంటేలుకి దిగడానికి కూడా శేషం లేదు.

రెండో ఫోనులో ఒక అమ్మాయి, ఏ ఊరి నుంచో.
పిన్‌కోడ్ అడిగింది, గాజువాక స్పెల్లింగు రెండుసార్లు అడిగింది,
"బండి ఎక్కడుందో మీ ఫోనులో చుక్కలా కనిపిస్తుంది" అంది.
చుక్క సరే తల్లీ, డ్రైవరు పేరేంటి?
"అది సిస్టమ్ చూసుకుంటుంది మేడమ్."

నాకు ఉల్లిపాయలు గుర్తొచ్చాయి.
రెండేళ్ల కిందట ఇలాగే తక్కువలో చూశాను.
తునిలో మా గేరుబాక్సుని ఎవరో ఇంకో లారీకి మార్చారు.
ఉల్లి బస్తాల కింద మూడు రాత్రులు పడుకుని
అది చేరిన రోజు పార్టీ ఫోను చేసి
"దీనికి పోపు కూడా పెట్టమంటారా?" అన్నాడు.
ఆ బిల్లు ఇప్పటికీ రాలేదు.

మూడోది యల్లాజీకి.
షీలానగర్‌లో ఒక టేబులు, నాలుగు బళ్లు.
ధర చెప్పలేదు. అడగడం మొదలెట్టాడు:
"పెట్టె పొడుగెంత? లోపల కదలకుండా సెక్క కొట్టేరా?
ఈ-వే బిల్లు అయిందా, అవుద్దా?
అక్కడ దింపడానికి కిరేనుందా, మనుసులా?"
"వాళ్లు చూసుకుంటారులెండి," అన్నాను.
ఒక్క క్షణం ఊరుకున్నాడు.
"పద్నాలుగ్గంటలమ్మా. ఇద్దరు డ్రైవర్లు.
దార్లో బండి మారదు, ఇంకో సరుకు ఎక్కదు.
పదమూడుకి సేరితే మీ అదురుష్టం.
పన్నెండని నాను సెప్పను."
అప్పుడు రేటు చెప్పాడు. అందరికన్నా తొమ్మిది వేలు ఎక్కువ.

మా వైపు బేగి అంటాం.
బేగి తిను, బేగెల్లి బేగి వచ్చీ.
అమ్మ ఆ మాట అన్నప్పుడల్లా
వెనకాలే ఇంకోటి ఉండేది: పడిపోకు.
అర్జెంటుకి ఆ వెనక మాట లేదు.

ఓనరుకి చెప్పాను. అవతల టీవీ శబ్దం.
"తొమ్మిది వేలు ఎందుకూ?"
"ఒక మనిషి నిద్రకి సార్."
కాసేపు టీవీయే మాట్లాడింది.
"సరే, రాసుకో."

పదింటికి బండి వచ్చింది. అప్పన్న, సాధిక్.
తాడు కాదు, బెల్టులు వేసి బిగించారు.
సాధిక్ పెట్టె మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి విన్నాడు,
పుచ్చకాయ బేరమాడేవాడిలా.
స్టీల్‌ప్లాంటు వైపు ఆకాశం ఒకసారి ఎర్రగా ఉలిక్కిపడింది.
వెనక దీపాలు రెండూ
కూర్మన్నపాలెం దీపాల్లో కలిసిపోయాయి.

మూడున్నరకి నిద్ర పట్టక ఫోను చేశాను.
"ఏలూరు దాటాం. మెల్లగా మాటాడండి మేడమ్,
అప్పన్న పడుకున్నాడు."
ఆ తర్వాత నేనూ పడుకున్నాను.

పదకొండూ నలభైకి గిడ్డంగి గేటు ముందు బండి ఫొటో.
లోపల కిరేను లేదు.
పిలిచారట. వస్తోందట.
కిరేను డ్రైవరు భోజనానికెళ్లాడట.
రెండుంబావు గంటలు
మా పసిబిడ్డ ఎండలో, బెల్టుల మధ్య.

యల్లాజీ ఏమీ అనలేదు.
నేనే పుస్తకం వెనకట్ట లోపల
ఎర్ర పెన్నుతో రాసుకున్నాను:
దించేదెవరు?
అక్కడ చలి ఎంత మిగిలిందో అడగడానికి ధైర్యం చాలక
తర్వాతి చలానా తీశాను.