చిట్టీ మీద పేరు

ఎనుమాముల మార్కెట్ ఎనక కోల్డ్ స్టోరేజీల
పన్నెండేండ్ల సంది మిర్చికి ముచ్చికలు తీస్తున్న.
చపాటా బస్తాలు లోపలికి పోతాంటే
తెల్లటి సలి పొగలెక్క తలుపుల సందుల్నించి కారుతది.
ధర లేనప్పుడు రైతు
మిర్చికి నిద్ర కొంటడు.
చేతిల ఒక చిట్టీ, దాని మీద నంబరు.

గందుకే హన్మకొండ దవాఖానల డాక్టరమ్మ
"గడ్డకట్టించి దాసిపెడదాం" అన్నప్పుడు
మా ఆయన నా మొఖం చూసిండు.
నేను తలూపిన.

పద్దెనిమిదేండ్లకు రవళిక నా భుజం కాడికే ఆగింది.
చిన్నప్పుడు మాటిమాటికి చెవి కారేది.
పొట్టిది, మా అత్త పోలికనుకున్నం.
తొమ్మిదో తరగతిల రక్తం హైదరాబాద్ పంపితే
కాయితం వచ్చింది:
కొన్ని కణాలల్ల రెండు ఎక్స్‌లు, కొన్నిట్ల ఒక్కటే.
"ఎవల తప్పు కాదు, మీ దగ్గర్నించి రాలే" అన్నది డాక్టరమ్మ.
అయినా ఆ రాత్రి
కడుపుతోని ఉన్నప్పుడు ఏమేం తిన్ననో లెక్కవెట్టిన,
మిరపఘాటు పీల్చిన దినాలు గూడ.

పిల్ల లోపల గింజలున్నయట.
చిల్లువడ్డ సంచిలెక్క
అందరికంటె జల్ది ఒడిసిపోతయట.

ఆటో కుదువవెట్టినం.
పది దినాలు పొట్టకు సూదులు.
పాలిటెక్నిక్ పుస్తకం పక్కకు వెట్టి తనే పొడుసుకున్నది,
"నీ చెయ్యి వణుకుతది, కారం గూడ ఉంటది" అని
నన్ను జరిపి.

తొమ్మిది దొరికినయి.
ఆరు పనికొస్తయన్నరు.
ఆరు.
దినాం నా చేతులకెల్లి ఎన్ని గింజలు రాలుతయో నేల మీద,
పొద్దుగూకంగ ఊడ్సి పారబోస్తం.

ఆడిబిడ్డ అడిగింది: "పిల్లలైతరని రాసిచ్చిండ్రా?"
రాసియ్యలే.
ఆరంటే ఆరుగురు కాదు, ఒక్కరన్న అవుతరో లేదో,
ముందుగాల దాని గుండె గూడ చూపించుకోవాలె.
ఏడాదికింత కిరాయి మాత్రం ఖాయం.

బస్సుల మెల్లగ అడిగిన:
ఇదంత నీకు కావాల్నా బిడ్డా, నా కోసమా?
కాజీపేట బ్రిడ్జి దాటేదాంక కిటికీల్నించే చూసింది.
"ఇప్పుడైతే నాకెరుక లేదమ్మా.
ఎరుక లేదనెటందుకు గూడ టైము కావాలె గద.
అది కొన్నం."

ఇంటికొచ్చినంక ఆ రశీదు
బియ్యం డబ్బాల దాసబోయిన.
గుంజుకున్నది.
దాని మీద నా పేరు లేదు,
వాళ్ల నాయిన పేరు లేదు.
స్టూలు వేసుకొని, మునివేళ్ల మీద లేసి,
బీరువ పై అరల
తనే పెట్టుకున్నది.