కౌగిలి కొలత

పుంతా అరేనాస్‌లో గాలి మొదలైతే
పట్టుకు నడవమని వీధుల్లో తాళ్ళు కడతారు.
నేను తాడు పట్టుకోను.
నూట పన్నెండు కిలోలు.
ఈ ఊళ్ళో గాలి ఒక్కదానికే నేనంటే మర్యాద.

పొద్దంతా ఫ్యాక్టరీలో నిలబడి కాళ్ళు విరుస్తాను,
పీతలవి.
రబ్బరు ఏప్రాన్ ముందువైపే సరిపోతుంది.
వెనక ముడి అందక
ఓర్టెన్సియా ఓ తాడుముక్క కలిపి కడుతుంది.
ఏమీ అనదు.
ఆ అనకపోవడం నాకు రోజంతా వినిపిస్తుంది.

రాత్రి పదింటికి, కిటికీ అద్దం వణుకుతుంటే
ఇంకో ఊళ్ళోకి లాగిన్ అవుతాను.
ఫ్యాక్టరీ కార్డు మీద ఇస్మేనియాని,
అక్కడ బ్రీసాని. అంటే పిల్లగాలి.
మొదటిరోజు ఒళ్ళు కట్టుకోమన్నారు:
నడుముకో స్లైడరు, మెడకో స్లైడరు, ముక్కు కొసకి కూడా.
బియ్యంలో రాళ్ళేరినట్టు
నన్ను నేనే ఏరి పారేశాను.

ఆరేళ్ళు ఆ పిల్లనే నడిపించాను.
మేడల మీంచి ఎగిరేది, చెమట పట్టేది కాదు.
ఎవరైనా మెచ్చుకుంటే థాంక్స్ అని కొట్టేదాన్ని,
పక్కింటివాళ్ళ పార్సిలుకి
నేను సంతకం పెట్టినట్టు.

మే నెలలో ఒక రాత్రి,
పెద్ద నిర్ణయమేం కాదు, కుట్టు టేపు చేతికి తగిలింది, అంతే,
కొలుచుకున్నాను.
టేపు అయిపోయిన చోట గోరుతో గుర్తు పెట్టి
మళ్ళీ అక్కణ్ణించి.
ఆ అంకెలన్నీ తెచ్చి స్లైడర్లలో పోస్తే
పొట్ట వంద దగ్గర ఆగిపోయింది.
వందకి పైన ఆ లోకంలో పొట్ట లేదు.
మిగతాది ఒక దుకాణంలో కొన్నాను, నాలుగు వందల నాణేలకి.
ఇక్కడ తగ్గడానికి డబ్బు,
అక్కడ పెరగడానికి డబ్బు.

ఆ ఒంటితో వీధిలోకి వెళ్ళాను.
గౌనులోంచి చర్మం పొడుచుకొచ్చింది.
కూర్చుంటే నా తొడల్లోంచి కుర్చీ మొలిచింది.
ఒకడు నవ్వే బొమ్మ పంపాడు.
ఒకావిడ, ఎంత ధైర్యం నీది, అంది.
రెండోదే ఎక్కువ గుచ్చుకుంది.

హెదిన్ ఫారో దీవుల్లో వలలు బాగుచేస్తాడు.
అక్కడికి మాత్రం ఎప్పుడూ ముసలవ్వలా వస్తాడు,
ముగ్గుబుట్ట తలతో.
ఎందుకని నేనడగలేదు. నా ఒళ్ళు చూసి అతనూ అడగలేదు.
వెళ్ళేముందు రోజూ ఒక కౌగిలి:
నీలం గుండ్రం నొక్కితే బొమ్మలు రెండూ దగ్గరికొస్తాయి.
ఆ రాత్రీ నొక్కాం.
అవ్వ చేతులు నా ఒంట్లోకి దిగిపోయాయి,
మోచేతుల దాకా,
లోపలెక్కడో ఎవరినో పట్టుకున్నాయి.

ఎవరినో ఏమిటి. బ్రీసాని.
నా లోపల, అంత సన్నగా,
ఇంకా నిలబడే ఉంది.

వీడ్కోలు చెప్పకుండా లాప్‌టాప్ మూసేశాను.

నాలుగు రోజులు పోయాక వెళితే
గుండ్రం పసుపు రంగులో ఉంది.
కొంచెం పని చేశాను, అని రాశాడు.
మోచెయ్యి పదకొండు డిగ్రీలు విప్పాడట.
అరిచేతుల్ని ముందు ఆరంగుళాలు జరిపాడట,
మరీ దూరమై, గాల్లో తేలితే
వెనక్కి తెచ్చి, మళ్ళీ జరిపి.
చిక్కుపడ్డ వల విప్పేవాడి ఓపిక.
నొక్కమంటావా, అన్నాడు.
పీతల ఉప్పుకి పగిలిన వేలితో నేనే నొక్కాను.

అవ్వ చేతులు నా చుట్టూ వచ్చాయి.
వెనకాల ఒకదాన్నొకటి అందుకోలేదు,
ఓర్టెన్సియా తాడుముక్కంత ఖాళీ మిగిలింది.
కానీ చర్మం దగ్గర ఆగాయి.
ఎక్కడ ఆగాలో తెలిసినట్టు
ఆగాయి.

కుర్చీలు ఇంకా నాలోంచి మొలుస్తూనే ఉన్నాయి.
వాటి లెక్కా చూస్తానన్నాడు,
చేపల సీజన్ అయ్యాక.