వాలుగ దవడ

పొందూరు రైలుగేటు పక్కన
నా జిరాక్సు కొట్టుకి మధ్యాహ్నం బేరాలుండవు.
అప్పుడొచ్చింది అసిరమ్మ పిన్ని.
కొంగుముడి విప్పి, పాత చేప దవడొకటి
గల్లాపెట్టె మీద పెట్టింది.
నడిమి పళ్ళు ఏడు రాలిపోయాయి.
'ఒలే, ఇలాటిదొకటి కావాల.
నీ సెల్లులో దొరకందేదీ నేదంట కదా.'

పత్తిగింజని ఒక్కొక్కదాన్నే పట్టుకుని
దీంతో దువ్వాలి,
పసిపిల్ల తల దువ్వినట్టు.
ఇనప దువ్వెనకి పోగు తెగుతుంది,
ప్లాస్టిక్కుకి అంటుకుపోతుంది.
ఎక్కడ ఆగాలో తెలిసింది
వాలుగ పన్నొక్కటే.

ఇదంతా
వేలెడంత గడిలో ఎలా రాయను?

వాలుగ అని తెలుగులో కొట్టాను.
ఏమీ దొరకలేదు, అక్షరాలు సరిచూసుకోమంది.
రెండుసార్లు చూసుకున్నాను. సరిగ్గానే ఉన్నాయి.
ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను.
మీరు వెతికేది వాలెట్టా, అంది.
కాదనేలోగా
మూడు వందల పన్నెండు పర్సులు పరిచింది.

చేప దవడ అన్నాను.
చేపబొమ్మ దిండు గలీబు,
గడ్డం కింద కొవ్వు కరిగించే రబ్బరు బంతి,
నోరు తెరిచి పాట పాడే సొరచేప,
ఆ తరవాత, ఎందుకో మరి, ఇస్త్రీపెట్టె.
పక్కన వడపోతలు:
రంగు, ధర, బ్రాండు, నాలుగు చుక్కలూ ఆపైనా.
పళ్ళు ఎంత ఒత్తుగా ఉండాలో అడగలేదు.
ఏ ఏటి చేపో అడగలేదు.
చవకవి ముందు చూపమంటే
చెవిపుల్లలు చూపించింది.

పిన్ని నా భుజం మీంచి చూస్తోంది.
'ఇదేటే, ఉప్పడిగితే
ఊరేగింపు సూపిత్తన్నాడు.'

ఇదివరకు గోదారి వైపు నుంచి ఒకాయన వచ్చేవాడు,
గోనెసంచిలో దవడలు గలగలలాడించుకుంటూ.
పిన్ని అరుగు మీద కూచుని
ఒక్కోటీ ముంజేతి మీద గీసి చూసేది.
తెల్లగీత పడితే తిప్పి ఇచ్చేసేది,
చక్కిలిగిలి పెడితే బేరమాడేది.
రెండేళ్ళయి రావడంలేదు.
పేరెవరూ అడగలేదు, దవడలాయన అనేవాళ్ళం.
ఆయన్నీ ఏ గడిలోనూ వెతకలేను.

'ఆ కొట్టోడికి ఓపాలి ఫోను కలుపు, నాను సెప్తాను.'
'కొట్లో మనిషుండడు పిన్నీ.'
'ఎవలూ నేరా?'
'లేరు.'
'మరి తలుపులెందుకు బార్లా తీసుంచినారు?'

దవడ నా దగ్గరే వదిలేసి వెళ్ళింది.
అప్పట్నించీ ఫోను ముట్టుకుంటే చాలు,
మీ కోసమే అంటూ పర్సులు,
మీకు నచ్చొచ్చంటూ అదే సొరచేప.
పెళ్ళిలో ఒక్కమాటు పలకరించిన పాపానికి
ఇంటిదాకా వెంటబడే చుట్టంలా.
ఇస్త్రీపెట్టె మాత్రం కొన్నాను. అది వేరే సంగతి.

నాలుగోరోజు కరెంటు వచ్చాక
దవడని జిరాక్సు గాజు మీద బోర్లించి
మూత వెయ్యకుండానే మీట నొక్కాను.
నల్లటి కాయితం మీద తెల్లటి పళ్ళు,
నడిమిని ఏడు ఖాళీలు.
కింద నా నంబరు రాశాను, అంతే. ఇంకేమీ రాయలేదు.
పది కాపీలు ఆమదాలవలస బస్సు కండక్టరు చేతిలో పెట్టి
చేపలమ్మే చోటల్లా అంటించమన్నాను.

నిన్న ఫోను మోగింది.
వెనకాల మంచు పగలగొడుతున్న చప్పుడు,
ఎవరో ఆడమనిషి గొంతు,
పేరు చెప్పలేదు, నమస్కారమూ లేదు:
'దువ్వేది కుడిసేత్తోనా, ఎడంసేత్తోనా?
దవడలు రెండు వైపులుంటాయి గదమ్మా.'

ఇరవయ్యేళ్ళుగా పక్కింట్లో ఉంటున్నాను.
పిన్నిది ఏ చేతివాటమో
నాకూ తెలీదు.
ఫోను పెట్టెయ్యకమ్మా, ఉండు, అంటూ
షట్టరు తెరిచే వదిలేసి
పరిగెత్తాను.