ఒక్కటే కాంటా

పరకాలల, భూపాలపల్లి దిక్కు పోయే రోడ్డు మీద
నాది మోటర్ వైండింగు దుకాణం.
బోర్డు లేదు.
కాలిన కాయిళ్ల వాసనే బోర్డు.

నాట్లయినంక పదిహేను రోజులు చూడాలె దుకాణం.
బండ్ల మీద, ట్రాలీ ఆటోల్ల
బురద కారుకుంట దిగుతయి మోటర్లు,
దవాఖానకు తెచ్చిన పిల్లల లెక్క
ఒక్కొక్కదానికి ఒక మనిషి తోడు.
బోల్టులిప్పి లోపలికి చూస్తె చాలు,
వాళ్లు చెప్పక ముందే తెలుస్తది.
రెండు వరుసలు మాడి ఒకటి మెరుస్తుంటే
రాత్రి ఒక ఫేజు పోయింది.
అన్నీ ఒక్కతీరుగ నల్లబడితే
వోల్టేజి లేక గుంజలేకపోయింది.
ఇసుక పడి బుష్షులరిగితే
బోరు అడుగంటింది.
ఆ మాట మాత్రం నేను చెప్పను.
బుష్షులు మార్చి ఊకుంట.

ఓదెమ్మ ఈ యాసంగిల మూడోసారి వచ్చింది.
ఆమె పెనిమిటి ఉన్నప్పుడు మూడు హార్స్‌పవర్, నూటిరవై ఫీట్లు.
ఇప్పుడు ఏడున్నర, మూడు వందల ఎనభై.
పొలం అప్పుడూ రెండెకరాలే.
ఇప్పుడూ రెండెకరాలే.

"కరెంటు ఫ్రీనే గద బిడ్డా, గింత బిల్లేంది?"
కరెంటు ఫ్రీనే అవ్వా,
రాగి కాదు.
ఆమె నవ్వలేదు.
నవ్వించెతందుకు అన్న మాట కూడ కాదది.

సుట్లు లెక్కవెట్టేటప్పుడు ఎవలన్న మాట్లాడితే నాకు కోపం.
ఆమె మాట్లాడలేదు. గడప మీద కూసోని
బొగ్గు లారీలను చూసుకుంట ఉన్నది.
పట్టాలు కప్పినా సరే
మా దుకాణం ముందటి గుంతల చక్రం పడంగనే
ఇంత నల్లగ రాలుతది.
ఎదురుంగ వడ్ల లారీలు. అదే గుంత.
మాపటికి నల్లయి, పచ్చయి ఒక్కకాడ కలిసిపోతయి.
నా బిడ్డ ఊడ్చి కుప్ప పోస్తది,
కోళ్లొచ్చి అండ్ల వడ్లే ఏరుకుంటయి.

"గా బొగ్గేనా బిడ్డా, మన మోటర్ల తిరిగేది?"

నలభై రెండు, నలభై మూడు...
లెక్క తప్పింది.
తీగంత ఇప్పి
మల్ల మొదటికెంచి సుట్టిన.

పైసలు చాలయన్నది. ఆటోలకెళ్లి బియ్యం సంచి దించింది.
నాకున్నది ఒక్కటే కాంటా, రాగి తూసేది.
పళ్లెంల పాత తీగ తుంపలు దులిపి
బియ్యం పోసిన.
అవతల అవే గుండ్లు,
పొద్దుగాల ఆమె మోటరుకు రాగి తూసిన గుండ్లు.
ముల్లు నిలవడేదాక
ఇద్దరం దాన్నే చూసినం.

రాత్రి బియ్యం కడుగుకుంట మా ఇంటామె
గిన్నెలకెళ్లి సన్నటి రాగి తుంపొకటి తీసింది.
మట్టిపెళ్లనుకున్నదో ఏమో
చూడకుంటనే వాకిట్ల ఇసిరేసింది.
నేను లేసిపోయి
సెల్లు లైటు పట్టుకోని
దేవులాడిన.
కిలో ఎంతున్నదో నాకెరుక.