ముద్ర పడలేదు

సోమవారం పేరు కిరణ్.
బుధవారం అదే గొంతు, పేరు వినోద్.
శుక్రవారం పేరు చెప్పనే లేదు,
"బమ్మిడి బృందావతేనా?" అని
నా పేరే నా మీదికి విసిరాడు.

కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీ.
బోర్మా వేడి తగిలేచోట నా బల్ల,
బల్ల మీద కాటా, పక్కన లెడ్జరు.
గుండు ఎంత, బద్ద ఎంత, నూక ఎంత
నేనే రాస్తాను.
నాలుగేళ్ల ఎలక్ట్రికల్ ఇంజనీరింగు
ఇక్కడ ఒక్కదానికే పనికొచ్చింది:
ఫ్యూజు పోతే నన్ను పిలుస్తారు.

నా చదువు ఆగి మూడేళ్లయింది.
అప్పు మాత్రం ఏటేటా పై తరగతికి వెళ్తోంది,
ఒక్క సబ్జెక్టూ తప్పకుండా.

ఫారం నింపిన రోజు
తెలిసినవాళ్లెవరని అడిగితే
హైమావతి నంబరు రాశాను.
హైమావతికి పెళ్లయింది.
ఫోను అత్తగారి చేతిలో ఉంటుంది.
ఆవిడకిప్పుడు నా బాకీ పైసలతో సహా తెలుసు.
నేను హైమావతి మాట విని
నాలుగు నెలలు.

బ్యాంకులో గుమస్తా ఒకాయన
తల ఎత్తకుండానే చెప్పాడు:
పొద్దున్న ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత
వాళ్లు ఫోను చెయ్యకూడదమ్మా.
ఎవరు, ఎప్పుడు, ఏమన్నారు, రాసిపెట్టుకో.
రాయడం నాకొచ్చిన పనే.
లెడ్జరు వెనక పేజీలో మొదలుపెట్టాను.
తొమ్మిదీ పది, కిరణ్, మర్యాద.
పదకొండున్నర, కిరణ్, మర్యాద తక్కువ.
ఏడూ నలభై, వినోద్, అమ్మని అన్నాడు.
ముందు పేజీల్లో పప్పుకి గ్రేడు,
వెనక పేజీల్లో మాటలకి.

వాయిదా తగ్గిస్తారట, అమ్మ వేలు పడితే.
కాగితంలో అమ్మ సహ రుణగ్రహీత.
ఆ మాటకి అమ్మకి నోరు తిరగదు.
పంతొమ్మిదేళ్లుగా జీడిపిక్క కొడుతున్న చెయ్యి.
సొన అంటకుండా బూడిద రాస్తుంది, ఆముదం రాస్తుంది,
అయినా అంటుతుంది.
మిషను మీద బొటనవేలు పెట్టింది. ఎర్ర లైటు.
చూపుడువేలు. ఎర్ర లైటు.
కొంగుకి రుద్ది, నోటితో ఊది,
ఎడమ చెయ్యి.
పది వేళ్లూ అయిపోయాయి.
"గీతల్లేవమ్మా," అన్నాడు గుమస్తా,
ఈసారి తలెత్తి.

ఆ గీతలెక్కడికి పోయాయో నాకు తెలుసు.
హాస్టలు మెస్సు బిల్లులో కొన్ని.
నేను తప్పిన మ్యాథ్స్
రెండోసారి కట్టి రాసినప్పుడు ఇంకొన్ని.

అమ్మ బ్యాంకు మెట్ల మీద కూర్చుని నవ్వింది.
"అప్పిచ్చినప్పుడు ఏలుండీది.
ఇప్పుడు ఏలు నేదు, అప్పుంది.
నానెవులో ఆ మిషన్నే అడుగు."
నాకు నవ్వు రాలేదు.
పలాస స్టేషను దాటాక వచ్చింది.

నిన్న అతను అరుస్తున్నాడు, పట్నం తెలుగులో,
కాగితం చూసి చదువుతున్నట్టు.
వెనకాల ఇంకో నలభై గొంతులు,
అవే మాటలు, వేరే పేర్ల మీద.
అమ్మ వేళ్ల సంగతి చెప్పాను.
అరుపు ఆగింది.
"జీడి పనేటి?" అన్నాడు.
ఏటి.
ఎంత నేర్పినా నాలిక కిందే మిగిలిపోయిన మాట.
టెక్కలో, మందసో, మా పక్క వీధో.
"మీదే ఊరు?" అన్నాను.
లైను కట్టయింది.
పుస్తకంలో టైము రాశాను.
పేరు దగ్గర ఖాళీ వదిలాను.

ఈరోజు ఆరూ నలభై.
అమ్మ గిన్నెలో ఆముదం పోసి వేళ్లు నానబెట్టింది.
నెల్లాళ్లు పని మానితే గీతలు మళ్లీ మొలుస్తాయని
ఎవరో చెప్పారు.
ఆ నెల్లాళ్లు ఏం తినాలో చెప్పలేదు.

ఫోను మోగుతోంది.
అతనికింకా ఇరవై నిమిషాలు హక్కుంది.
ఎత్తాను.
"ఏటి, సెప్పు," అన్నాను.