అరువు చెవి

ముప్పై ఏండ్లు జీతమిచ్చి
మా ఆయన చెవులు రెండూ ఉంచుకుంది డీజిల్ షెడ్డు.

ఇప్పుడు గుంతకల్లు ఎండలో, రేకుల కింద,
ఇటుకల మీద ఒక పాత ఫియట్టు.
నా పిండి జల్లెడలో కార్బురేటర్ ఆరబెట్టినాడు,
జొన్నల డబ్బాలో బోల్టులు.
అడిగితే వినపడలేదంటాడు.
కొన్ని నిజంగానే వినపడవు.

ఆదివారం పొద్దున స్టార్టయింది.
పొగకు పక్కింటి షంషాద్ ఆరేసిన దుప్పట్లన్నీ లోపలికి లాక్కుంది.
ఈయన స్క్రూడ్రైవర్ మొన ఇంజను కానించి
పిడి నా చెవికి పెట్టి
"ఏమంటాంది సుంకమ్మా?" అన్నాడు.

"లోపలెవరో బుడ్డలు ఒలుస్తాండారు!"
అరిచి, వేళ్లతో ఒలిచి చూపించినా.
"ట్యాపెట్టు" అని గొణిగి
పానా వెంట్రుకవాసి తిప్పినాడు.
ఇప్పుడు?
ఇంకా ఒలుస్తాండారు, నిదానంగా.
మళ్లా తిప్పినాడు.
ఇప్పుడు?

బుడ్డలైపోయినాయి.
పెనం మీద రొట్టె పొంగినంత మెత్తగుంది చప్పుడు.

చెప్పలేదు.
ముప్పైనాలుగేండ్ల కాపరంలో
నేనేమంటానో అని
రెప్ప కొట్టకుండా నా నోటి దిక్కే చూస్తా
ఈ మనిషి నిలబడింది ఇదే.

"ఇంకా కొంచెం" అన్నా.